సర్వర్లు ఇల్లు మారిన వేళ

2023 ఆగస్టు 18, శుక్రవారం. తెల్లవారుజామున నాలుగు గంటలకి డెన్మార్క్‌లో క్లౌడ్‌నార్డిక్ అనే హోస్టింగ్ కంపెనీ కుప్పకూలింది. జనం లేచి దుకాణాలు, ఆఫీసులు తెరిచేసరికి దాని సర్వర్ల మీద బతికే వెబ్‌సైట్లు తెరుచుకోలేదు. ఈమెయిళ్లు రాలేదు, పోలేదు. కంపెనీ సొంత సైటూ, సొంత మెయిలూ కూడా అదే దెబ్బకి పోయాయి. అదే యజమాని కింద నడిచే అజీరోక్లౌడ్ అనే మరో కంపెనీకీ అదే గతి పట్టింది. ఈ రెండింటినీ నమ్ముకున్న డేనిష్ సంస్థలు వందల్లో ఉన్నాయి.

తర్వాత కంపెనీ ఒక ప్రకటన విడుదల చేసింది. సైబర్ దాడి తమను పూర్తిగా స్తంభింపజేసిందనీ, కస్టమర్లలో ఎక్కువమంది డేటా మొత్తం పోయిందనీ, దాన్ని తిరిగి తేవడం తమవల్ల కాలేదనీ అందులో ఉంది. ఇలాంటి సందర్భాల్లో కంపెనీలు మాటల చాటున దాక్కుంటాయి. కొద్దిమందికి అసౌకర్యం కలిగింది, సేవలను పునరుద్ధరిస్తున్నాం, సహకరించండి అంటాయి. వీళ్లు అలా చేయలేదు. అంతా పోయిందని ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఆ నిజాయితీ చూస్తే బాధ ఇంకా ఎక్కువవుతుంది. పడిపోయినవాళ్లు మోసగాళ్లయితే మనసు కాస్త కుదుటపడుతుంది కదా. ఇక్కడ ఆ ఊరట కూడా లేదు.

ఒక చిన్న వ్యాపారం తన సరంజామా అంతా హోస్టింగ్ కంపెనీకి ఎందుకు అప్పగిస్తుందో మనకి తెలియనిది కాదు. మన దగ్గర ఏ ఊళ్లోనైనా, ఏ హోల్‌సేల్ కొట్టు వెనక గదిలోకో, ఏ ఆడిటర్ ఆఫీసులోకో వెళ్లి చూడండి. టేబుల్ కింద దుమ్ము పట్టిన సర్వర్ ఒకటి ఉంటుంది. పక్కన యూపీఎస్ కీచుకీచుమంటూ ఉంటుంది. టాలీ అందులోనే, జీఎస్టీ లెక్కలు అందులోనే, పదేళ్ల బాకీ ఖాతాలు అందులోనే. వేసవిలో ఏసీ ఆగితే భయం, కరెంటు పోయి వస్తే భయం. దాని గుట్టుమట్లు తెలిసిన కుర్రాడు ఉద్యోగం మానేస్తే మరీ భయం. అలాంటప్పుడు ఎవరో వచ్చి, నెలకింత కట్టండి, మెషీన్లు మేం చూసుకుంటాం, కరెంటు మేం చూసుకుంటాం, బ్యాకప్ కూడా మేమే చూసుకుంటాం అంటే కాదనేవాళ్లెవరు? డెన్మార్క్‌లోని ఆ వ్యాపారులూ ఇలాగే ఒప్పుకుని ఉంటారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. తమకి చేతకాని పనిని చేతనైనవాళ్లకి అప్పగించారు, అంతే.

అసలు విషాదం మొదలైంది దాడి జరిగిన రాత్రి కాదు. అంతకుముందే, సర్వర్లను ఒక డేటాసెంటర్ నుంచి మరో డేటాసెంటర్‌కి మార్చినప్పుడు.

ఇల్లు మారడం ఎంత జాగ్రత్తపరులనైనా తడబడేలా చేస్తుంది. ఏ పెట్టెలో ఏముందో తెలియదు, ఏ తలుపు ఎవరు తీశారో తెలియదు. సర్వర్లు మార్చేవాళ్ల పరిస్థితీ అంతే. పాతచోట ఏళ్ల తరబడి కుదురుకున్న అమరికను విప్పి, కొత్తచోట మళ్లీ అమర్చాలి. పాతది ఎందుకలా అమర్చారో చెప్పేవాళ్లు అన్నివేళలా ఉండరు. కస్టమర్ల సైట్లు ఆగకూడదు, లేదా అతి తక్కువసేపు ఆగాలి. అందుకే ఈ పనులు ఎక్కువగా రాత్రిపూటా, సెలవు రోజుల్లోనూ జరుగుతుంటాయి. నిద్రలేని కళ్లతో చేసే పని ఇది.

ఇక్కడ ఒక సంగతి దగ్గరగా చూడాలి. హోస్టింగ్ కంపెనీలో కస్టమర్ల మెషీన్లు వేటి నెట్‌వర్క్‌లో అవి ఉంటాయి. ఒకరి గోల ఇంకొకరికి తగలదు. వాటి వెనక, కస్టమర్ కంటికి ఎప్పుడూ కనబడని నెట్‌వర్క్ ఇంకొకటి ఉంటుంది. కంపెనీ సిబ్బంది ఏ మెషీన్‌నైనా ఆపడానికీ, నడపడానికీ, డిస్కులు కేటాయించడానికీ, బ్యాకప్‌లు తీయడానికీ వాడుకునే అంతర్గత నెట్‌వర్క్ అది. ఈ రెంటినీ కలవనివ్వకపోవడమే హోస్టింగ్ వ్యాపారంలో మొదటి నియమం. సర్వర్ వెనక వైపు చూస్తే నెట్‌వర్క్ పోర్టులు వరసగా కనబడతాయి. ఒకటి కస్టమర్ ట్రాఫిక్‌కి, ఒకటి స్టోరేజికి, ఒకటి నిర్వహణకి. కేబుళ్లు చూడ్డానికి అన్నీ ఒకలాగే ఉంటాయి. అందుకే రంగులు పెట్టుకుంటారు, లేబుళ్లు అంటిస్తారు. స్విచ్‌లో ఏ పోర్టు ఏ నెట్‌వర్క్‌కి చెందుతుందో మాత్రం సెట్టింగుల్లో చూస్తే తప్ప తెలియదు.

మార్చేటప్పుడు ఒక కేబుల్ తగలకపోతే మెషీన్ మాట్లాడదు, వెంటనే అలారం మోగుతుంది, ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి సరిచేస్తారు. కలవకూడని చోటికి కలిస్తే మాత్రం ఏ గోలా ఉండదు. పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది. కస్టమర్ సైటు చక్కగా తెరుచుకుంటుంది. అన్నీ పనిచేస్తున్నాయి కాబట్టి అంతా బాగుందనే అనుకుంటారు. ఇలాంటి మార్పుల ప్రణాళికల్లో పరీక్షలు ఎక్కువగా పనిచేయాల్సింది పనిచేస్తోందా అన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. తెరుచుకోకూడనిది తెరుచుకుంటోందా అని వెతికి చూసే పరీక్షకి మాత్రం చాలా పట్టికల్లో గడే ఉండదు. ఈ పతనానికంతటికీ వేరు అక్కడుందని నా నమ్మకం.

కంపెనీ తన ప్రకటనలో వేసిన అంచనా ఇలా ఉంది. మార్చాల్సిన మెషీన్లలో కొన్నింటికి అప్పటికే వైరస్ సోకి ఉంది. ఫైర్‌వాల్ ఉంది, యాంటీవైరస్ ఉంది. అయినా సోకింది. పాత డేటాసెంటర్‌లో అది ఏ పనీ చేయకుండా నిద్రాణంగా పడి ఉంది. దాని ఉనికి కంపెనీకి తెలియదు. మార్చే క్రమంలో, అంతకుముందు వేరువేరు నెట్‌వర్కుల్లో ఉన్న సర్వర్లను, కంపెనీ మెషీన్లన్నింటినీ నిర్వహించే అంతర్గత నెట్‌వర్క్‌కి అందేలా కలిపారు. ఎవరూ కావాలని చేసింది కాదు. కానీ జరిగిపోయింది.

ఆ దారిన దాడి చేసినవాళ్లు ముందు కేంద్ర నిర్వహణ వ్యవస్థల్లోకి వచ్చారు. అక్కడి నుంచి బ్యాకప్ వ్యవస్థలోకి. బ్యాకప్ వ్యవస్థ నుంచి మొత్తం స్టోరేజీకి, రెప్లికేషన్ కాపీలకి, చివరికి రెండో బ్యాకప్‌కి. ఒక్కొక్క మెట్టూ కంపెనీ తన కస్టమర్ల భద్రత కోసం కట్టుకున్నదే. ఒకటి పోతే ఇంకొకటి ఉండాలని కట్టుకున్నవే. వాటన్నింటినీ ఒకే చోటి నుంచి నడిపే వీలుండడంతో, ఆ చోటు చేతికి చిక్కగానే అన్నీ చిక్కాయి. సర్వర్ల డిస్కులన్నీ, మొదటి బ్యాకప్, రెండో బ్యాకప్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయిపోయాయి. మెషీన్లు క్రాష్ అయ్యాయి. డేటా పెద్ద ఎత్తున బయటికి వెళ్లిన జాడ కనబడలేదని కంపెనీ చెప్పింది. అంటే సరుకు ఆ గదుల్లోనే, ఆ డిస్కుల మీదే ఉంది. కానీ దాన్ని చదివే తాళంచెవి దాడి చేసినవాళ్ల దగ్గర ఉండిపోయింది. తమ సొత్తు తమ కళ్లముందే ఉండి తమది కాకుండా పోవడం కన్నా ఘోరం ఏముంటుంది?

దాడి చేసినవాళ్లు డబ్బడిగారు. అడిగినంత ఇవ్వలేం, ఇవ్వం అని క్లౌడ్‌నార్డిక్ తేల్చిచెప్పింది. ఆ మాట సరైనదే. నేరగాళ్లకి కట్టే ప్రతి పైసా ఇంకో దాడికి పెట్టుబడి అవుతుంది, పైగా డబ్బు కట్టినా తాళంచెవి ఇస్తారన్న పూచీ లేదు. కానీ ఆ సరైన నిర్ణయానికి వెల కట్టింది ఎవరు? ఆ నిర్ణయంలో నోరెత్తే అవకాశం కూడా లేని వందలాదిమంది కస్టమర్లు. పోలీసు ఫిర్యాదు ఇచ్చారు, నిపుణులను పిలిపించారు. ఎంత ప్రయత్నించినా డేటా మాత్రం రాలేదు.

తర్వాత జరిగింది చెప్పాలంటే మనసొప్పదు. కంపెనీ కొత్తగా, శుభ్రంగా సర్వర్లు పెట్టింది. నేమ్ సర్వర్లు, వెబ్ సర్వర్లు, మెయిల్ సర్వర్లు మళ్లీ నడిచాయి. కానీ వాటిలో ఏమీ లేదు. కస్టమర్‌కి తన డొమైన్ పేరు దక్కింది, ఆ పేరు కింద ఒక ఖాళీ సైటు, ఒక ఖాళీ మెయిల్‌బాక్స్ దక్కాయి. తమ దగ్గర సొంతంగా కాపీ ఉన్నవాళ్లు దాన్ని ఎక్కించుకోవచ్చు. లేనివాళ్లకి కంపెనీ ఒక సలహా ఇచ్చింది: ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో వెతికి చూసుకోండి అని.

ఆ సలహా దగ్గర ఒక్క నిమిషం ఆగండి. వేబ్యాక్ మెషీన్ అనేది ప్రపంచంలోని వెబ్‌పేజీలు ఎప్పుడెప్పుడు ఎలా ఉండేవో అచ్చు తీసి దాచే భాండాగారం. ఒక వ్యాపారి కూర్చుని తన కంపెనీ చిరునామా అందులో కొట్టి, ఎప్పుడో ఏ తేదీనో ఆ యంత్రం యాదృచ్ఛికంగా తీసుకున్న నకలు దొరుకుతుందేమోనని వెతుక్కోవాలన్నమాట. దొరికినా అందులో ఉండేది బయటివాళ్లకి కనబడే పేజీ మాత్రమే. ఫొటోలు ఒక్కోసారి ఉంటాయి, ఒక్కోసారి ఉండవు. లోపలి డేటాబేసు ఉండదు. ఆర్డర్లు ఉండవు, కస్టమర్ల జాబితా ఉండదు, పదేళ్లుగా ఇచ్చిపుచ్చుకున్న ఉత్తరాలు ఉండవు. తన దుకాణం బోర్డు ఫొటో చూసుకుని దుకాణాన్ని మళ్లీ కట్టుకోవాల్సిన స్థితి అది.

ఇదంతా అయ్యాక తమ దగ్గర కస్టమర్లెవరూ మిగులుతారని అనుకోవడం లేదని కంపెనీ డైరెక్టర్ ఒక డేనిష్ రేడియో స్టేషన్‌కి చెప్పాడు. ఆ మనిషిని తలచుకుంటే కూడా జాలి కలుగుతుంది. తమను నమ్మినవాళ్లు తమను వదిలిపోవడమే న్యాయమని ఒప్పుకోవాల్సి రావడం చిన్న శిక్ష కాదు.

క్లౌడ్‌నార్డిక్ ఈ దారిలో మొదటిది కాదు. తొమ్మిదేళ్ల ముందు, 2014 జూన్ 17న, కోడ్ స్పేసెస్ అనే కంపెనీకి ఇలాంటి అంతమే ఎదురైంది. ప్రోగ్రామర్లు రాసుకున్న కోడ్‌ను భద్రంగా దాచిపెట్టడమే దాని వ్యాపారం. సొంత సర్వర్ల బెడద లేకుండా అమెజాన్ క్లౌడ్ మీద నడిచేది. రియల్‌టైమ్ బ్యాకప్‌లు ఉన్నాయనీ, అవి వేరువేరు చోట్ల ఉన్నాయనీ, ఆపద వస్తే కోలుకునే ప్రణాళిక ఉందనీ, దాన్ని సాధన చేసి మరీ చూసుకున్నామనీ తన సైట్‌లో చెప్పుకునేది. ఆ మాటలు అబద్ధాలని నేననుకోను. వాళ్లు నిజంగానే అలా నమ్మారు.

ఆ రోజు ముందు సర్వర్ల మీద డీడాస్ దాడి, అంటే నకిలీ రద్దీతో సర్వర్లను ఉక్కిరిబిక్కిరి చేసే దాడి జరిగింది. అలాంటివి అంతకుముందూ తట్టుకున్నారు. ఈసారి మాత్రం అమెజాన్ కంట్రోల్ ప్యానెల్ తెరిచి చూస్తే అందులో ఎవరో వదిలిన సందేశాలు కనబడ్డాయి. ఒక హాట్‌మెయిల్ చిరునామా ఇచ్చి, దానికి రాయమన్నారు. రాస్తే, దాడి ఆపాలంటే పెద్ద మొత్తం కట్టమన్నారు. ఇంట్లోకి మనిషి జొరబడ్డాడని కంపెనీకి అప్పుడు అర్థమైంది. పాస్‌వర్డులు మార్చడం మొదలుపెట్టారు. ఆ వచ్చినవాడు అలాంటి పరిస్థితికి సిద్ధపడి, ముందే అదనపు లాగిన్‌లు సృష్టించుకుని ఉన్నాడు. తనను బయటికి నెడుతున్నారని చూడగానే చేతికందినవి ఒక్కొక్కటే చెరిపేయడం మొదలుపెట్టాడు. స్నాప్‌షాట్లు, స్టోరేజి బకెట్లు, మెషీన్ ఇమేజ్‌లు, చివరికి నడుస్తున్న మెషీన్లు కొన్ని. ప్యానెల్‌ను మళ్లీ చేతిలోకి తెచ్చుకునేసరికి డేటా, బ్యాకప్‌లు, వేరే చోట ఉన్నాయనుకున్న బ్యాకప్‌లతో సహా చాలావరకూ పోయాయి. అంతా సుమారు 12 గంటల్లో. కస్టమర్లకి డబ్బు వెనక్కివ్వాలి, పోయిన పరువు తిరిగి రాదు, ఇక నడపలేం అని చెప్పి ఆ కంపెనీ మూతపడింది.

దూరాన ఉన్న సర్వర్‌లో ఉన్నాయి కాబట్టి ఆ బ్యాకప్‌లు వేరే చోట ఉన్నాయనుకున్నారు. కానీ అన్నీ ఒకే ఖాతా కింద, ఒకే ప్యానెల్‌కి అందేలా ఉన్నాయి. మైళ్ల దూరం ఎంతైనా, ఆ ప్యానెల్ ముందు కూర్చున్నవాడికి అవి చెయ్యి చాపితే అందేంత దగ్గర. తొమ్మిదేళ్ల తర్వాత డెన్మార్క్‌లోనూ ఇదే కథ. అక్కడ రెండు బ్యాకప్‌లున్నాయి. లెక్కకి తక్కువేమీ కాదు. రెంటికీ తలుపు ఒక్కటే కావడమే వాళ్లను ముంచింది.

తట్టుకున్నవాళ్లూ లేకపోలేదు. 2024 మేలో ఆస్ట్రేలియాలో యూనిసూపర్ అనే పెన్షన్ నిధి గూగుల్ క్లౌడ్‌లో పెట్టుకున్న ప్రైవేట్ క్లౌడ్ మొత్తం పొరపాటున చెరిగిపోయింది. ఏ హ్యాకరూ చేయలేదు, ప్రొవైడర్ వైపు సెట్టింగులో జరిగిన తప్పు అది. ఒకచోటిది పోతే ఇంకోచోటిది ఆదుకుంటుందని రెండుచోట్ల పెట్టుకుంటే రెండూ పోయాయి. 6 లక్షలకి పైగా సభ్యులు రోజుల తరబడి తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. అయినా ఆ సంస్థ నిలబడింది, ఒక్కరి సొమ్ముకీ లోటు రాలేదు. అందుకు ఒక కారణం, వేరే ప్రొవైడర్ దగ్గర కూడా బ్యాకప్‌లు ఉంచుకోవడం. గూగుల్ అంతటివాళ్ల దగ్గర పెట్టుకుని కూడా ఇంకొకరి దగ్గర ఎందుకు, డబ్బు దండగ కాదా అని ఆ సంస్థలో ఏదో ఒకనాడు ఎవరైనా అడిగే ఉంటారు. ఆ ప్రశ్నకి తలొగ్గనివాళ్లకి చేతులెత్తి మొక్కాలి. డెన్మార్క్‌లో ఆ వందలాది సంస్థల్లో ఒక్కొక్కచోటా అలాంటి మొండిమనిషి ఒక్కరుంటే ఈ కథ ఇంత బాధగా ఉండేది కాదు.

ఇక మన సంగతికొస్తే, 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లోనే క్లౌడ్ రీజియన్ తెరిచింది. మన వ్యాపారాలు కూడా ఇప్పుడు వరసగా టేబుల్ కింది సర్వర్లను వదిలి అటు నడుస్తున్నాయి. వద్దనడం లేదు. టేబుల్ కింది సర్వర్‌కి నిప్పంటుకున్నా, వరదనీళ్లు వచ్చినా, దొంగ ఎత్తుకుపోయినా పోయేది పోతుంది. మంచి హోస్టింగ్ కంపెనీ దగ్గర సర్వర్ అంతకన్నా వెయ్యిరెట్లు భద్రం. బాధ ఎక్కడంటే, క్లౌడ్‌కి మారే ప్రణాళిక అనగానే మనవాళ్లు నెలకి ఖర్చెంత, ఎన్ని గంటలు ఆగుతుంది, ఏది ముందు ఎక్కించాలి అన్నవాటితోనే ఆ కాగితం నింపేస్తున్నారు. బ్యాకప్ గడిలో ‘ప్రొవైడర్ చూసుకుంటారు’ అని రాసి ఊరుకుంటున్నారు. క్లౌడ్‌నార్డిక్ కస్టమర్ల కాగితాల మీద కూడా ఆ గడి ఇంచుమించు ఇలాగే నిండి ఉంటుంది.

కాబట్టి వ్యాపారం నడుపుకుంటున్న ప్రతి ఒక్కరికీ నా విన్నపం. మీ లెక్కలు, మీ సైటు, మీ మెయిళ్లు ఎవరి దగ్గరున్నా సరే, వాటి కాపీ ఒకటి వాళ్ల పాస్‌వర్డుతో, వాళ్ల ప్యానెల్‌తో సంబంధం లేని చోట పెట్టుకోండి. అది ఇంకో కంపెనీ ఖాతా కావచ్చు, కాపీ తీశాక కేబుల్ పీకేసి బీరువాలో దాచిన హార్డ్‌డిస్క్ కావచ్చు. పెట్టుకున్నదాన్ని అప్పుడప్పుడు వేరే కంప్యూటర్‌లో ఎక్కించి, తెరుచుకుంటోందో లేదో చూడండి. సర్వర్లు ఫలానా తేదీన కొత్త డేటాసెంటర్‌కి మారుస్తున్నామని హోస్టింగ్ కంపెనీ నుంచి మెయిలు వస్తే, అది మనకి సంబంధించిన సంగతి కాదని పక్కన పెట్టకండి. ఆ తేదీకి ముందు రోజే తాజా కాపీ తీసి మీ దగ్గర పెట్టుకోండి. మార్పు అయిపోయాక వాళ్లకి ఫోన్ చేసి, మా మెషీన్ ఏయే నెట్‌వర్కులకి అందుతోందో పరీక్షించి చూశారా అని నిలదీసి అడగండి.